కాలాపాని నుండి పౌరసత్వానికి: యుద్ధానంతర బ్రిటన్, అండమాన్ దీవులలో శిక్ష, జన్మ, సమాజం

1945 జూలై 26న బ్రిటన్ సార్వత్రిక ఎన్నికల ఫలితాలు వెలువడ్డాయి. యుద్ధంలో దేశాన్ని విజయపథాన నడిపిన చర్చిల్‌ను ఓటర్లు పక్కన పెట్టి, క్లెమెంట్ అట్లీ నాయకత్వంలోని లేబర్ పార్టీకి అధికారం అప్పగించారు. ఆ తరువాత మూడు నెలలైనా నిండకముందే, అక్టోబర్‌లో, బ్రిటిష్ ఇండియా సేనలు పోర్ట్ బ్లెయిర్‌లో దిగి జపాను సైన్యపు లొంగుబాటును స్వీకరించాయి. ఆ పునరాగమనంతోనే అండమాన్ శిక్షా నివాసం రద్దయినట్లు ప్రకటన వెలువడింది. మిగిలిన ఖైదీలకు క్షమాభిక్ష లభించింది. స్వస్థలాలకు వెళ్లదలచినవారు వెళ్లారు, ఉండదలచినవారు అక్కడే నిలిచిపోయారు.

ఈ రెండు సంఘటనలకు ప్రత్యక్ష కార్యకారణ సంబంధం లేదు. కానీ రెండింటి వెనుకా ఒకే ప్రశ్న ఉంది. మనిషిని అతని గతంతోనూ, అతని పుట్టుకతోనూ కట్టివేసే హక్కు రాజ్యానికి, సమాజానికి ఎంతవరకు ఉన్నది? యుద్ధానంతర దశాబ్దాలలో బ్రిటన్ తన ఇంట్లో ఈ ప్రశ్నను ఎదుర్కొన్నది. బ్రిటన్ విడిచివెళ్లిన అండమాన్ దీవులు తమ తీరున ఎదుర్కొన్నాయి. చట్టం ఎంత మార్చగలిగింది, సమాజం స్వయంగా మార్చుకోవలసినది ఎంత మిగిలింది అన్న విషయాన్ని ఈ రెండు చరిత్రలను పక్కపక్కన ఉంచి పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పూర్వరంగం

నేరస్థులను సముద్రం దాటించి పంపివేయడం బ్రిటన్‌కు పాత అలవాటు. మొదట అమెరికా వలసలకు, తరువాత ఆస్ట్రేలియాకు ఖైదీలను నౌకలలో తరలించారు. 1857లో చేసిన చట్టంతో బ్రిటన్ న్యాయస్థానాలు విధించే శిక్షలలో నుండి ద్వీపాంతరవాసం తొలగిపోయి, దాని స్థానంలో కఠిన దాస్య శిక్ష వచ్చింది. పశ్చిమ ఆస్ట్రేలియాకు చివరి ఖైదీల నౌక చేరినది 1868లో. అయితే తన ప్రజలకు ఏ శిక్ష తగదని బ్రిటన్ తేల్చుకున్నదో, ఆ శిక్షకే మరుసటి సంవత్సరం భారతీయుల కోసం కొత్త స్థలం సిద్ధం చేసింది. 1858 మార్చి 10న డాక్టర్ జేమ్స్ పాటిసన్ వాకర్ 200 మంది ఖైదీలతో అండమాన్ చేరాడు. వారు 1857 తిరుగుబాటులో శిక్షపడినవారు. మన ప్రజల నోట ఆ చోటు 'కాలాపాని' అయింది.

తదుపరి ఎనభై ఏళ్లలో భారతదేశపు నలుమూలల నుండి, అప్పట్లో బ్రిటిష్ ఇండియాలో భాగమైన బర్మా నుండి వేలాది మంది ఈ దీవులకు తరలివచ్చారు. బర్మా నుండి వచ్చినవారిలో అనేకులు బౌద్ధులు. 1896లో ప్రారంభమై 1906లో పూర్తయిన సెల్యులార్ జైలు ఏడు బాహువులతో, దాదాపు 700 ఒంటరి గదులతో నిలిచింది. ఎదురుగా ఉన్న రాస్ దీవిలో చర్చి, క్లబ్బు, నృత్యశాల, బేకరీ, ఈతకొలనులతో ఆంగ్ల అధికారుల జీవితం వేరుగా సాగింది. రెండు కిలోమీటర్లయినా లేని నీటిపాయకు ఒకవైపు శిక్షించేవారు, రెండవవైపు శిక్షితులు. వలస పాలన స్వభావం అంతా ఆ దృశ్యంలోనే కనిపిస్తుంది.

ఖైదీల జీవితం మొత్తం ఆ జైలు గదులలోనే గడవలేదు. సుమారు పదేళ్లు సత్ప్రవర్తనతో గడిపిన పురుష ఖైదీకి భూమి ఇచ్చి, స్వయంగా జీవనం సాగించుకొనే అనుమతి ఇచ్చేవారు. అటువంటివారు అనుమతి పొందిన స్త్రీ ఖైదీలను వివాహమాడవచ్చు. ఈ దంపతుల సంతానమే 'లోకల్ బార్న్' అనబడే స్థానిక సమాజం. పంజాబు రైతు, బెంగాలు పల్లెవాసి, మద్రాసు రాష్ట్రపు కూలీ, సంయుక్త రాష్ట్రాల సిపాయి ఒకే ఊరిలో పొరుగువారైనారు. వారి పిల్లలకు హిందుస్తానీ ఉమ్మడి భాష అయింది. కులభేదాలు క్రమంగా సడలిపోయాయి. మతభేదాన్ని దాటిన వివాహాలూ జరిగాయి.

ఇది దొరల దయవల్ల జరిగినది కాదు. సంస్కర్తల ఉపదేశం వల్ల జరిగినదీ కాదు. సముద్రం దాటితే కులం పోతుందన్న పాత నమ్మకం ఒక్కటే దీనికి కారణమని చెప్పడం కూడా చాలదు. అసలు కారణాన్ని 1916లో, కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుతున్న రోజుల్లో, డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ తన తొలి పరిశోధనా పత్రంలో సూచించారు. కులానికి ప్రాణం స్వకుల వివాహంలో ఉన్నదని ఆయన నిరూపించారు. అండమాన్ చేరిన ఖైదీకి సంబంధం కుదిర్చే పెద్దలు లేరు, వెలివేయడానికి కులపంచాయితీ లేదు, ఎంచుకోవడానికి స్వకులపు వధువు లేదు. శిక్ష రూపంలోనైనా సరే, వివాహబంధపు కంచె తెగింది. కంచె తెగినచోట కులం నిలవలేకపోయింది.

యుద్ధం, విమోచనం

1941 జూన్ 26న సంభవించిన భారీ భూకంపం రాస్ దీవిని, సెల్యులార్ జైలును దెబ్బతీసింది. 1942 మార్చి 23న జపాను సేనలు దీవులను ఆక్రమించాయి. 1943 డిసెంబర్ చివరిలో నేతాజీ సుభాష్ చంద్రబోస్ వచ్చి త్రివర్ణ పతాకాన్ని ఎగురవేయడం చరిత్రలో చిరస్మరణీయం. అయితే అదే కాలంలో దీవుల ప్రజలు అనుభవించిన యాతన తక్కువది కాదు. గూఢచర్యం నెపంతో ఎందరినో నిర్బంధించి హింసించారు. వైద్యుడు, కవి అయిన డాక్టర్ దివాన్ సింగ్ ఆ హింస వల్లనే 1944 జనవరి 14న సెల్యులార్ జైలులో మరణించారు. అదే నెల 30న హంఫ్రీగంజ్ వద్ద 44 మందిని కాల్చిచంపారు. ఒక సామ్రాజ్యం కట్టిన జైలు రెండవ సామ్రాజ్యానికి అలాగే ఉపయోగపడింది.

1941లో 33,768గా ఉన్న జనాభా 1951 నాటికి 30,971కి తగ్గింది. యుద్ధకాలపు మరణాలు, విడుదలైన ఖైదీల తిరుగు ప్రయాణం ఇందుకు ముఖ్య కారణాలు. బ్రిటిష్ అధికారులు తిరిగివచ్చారు గానీ రాస్ దీవిలోని పాత జీవితం తిరిగిరాలేదు. చర్చి గోడలనూ, క్లబ్బు గోడలనూ మర్రి వేళ్లు అల్లుకున్నాయి.

లండన్‌లో మాత్రం కొందరికి ఈ దీవులపై ఆశ చావలేదు. 1947 జూన్‌లో బ్రిటిష్ సేనాధిపతులు హిందూ మహాసముద్ర రక్షణకు అండమాన్ నికోబార్ దీవులు అవసరమనీ, వీటిని భారతదేశానికి అప్పగించరాదనీ వాదించారు. ఆంగ్లో-ఇండియన్లకు ఇక్కడ నివాసం కల్పించాలన్న ఆలోచన కూడా అంతకుముందు నుండే ఉంది. తూర్పు, పశ్చిమ పాకిస్తాన్‌ల మధ్య సముద్రమార్గంలో ఉన్నందువల్ల దీవులు తమకే చెందాలని ముస్లిం లీగ్ కోరింది. భారత నాయకులు ఈ వాదనలను అంగీకరించలేదు. చివరకు అట్లీ ప్రభుత్వం కూడా దీవులను భారతదేశంతోనే ఉంచింది. భూభాగం ఎవరిదన్న ఈ చర్చలో ఆ భూమి మీద నివసిస్తున్న ముప్పై వేల మంది అభిప్రాయాన్ని అడిగినవారు లేరు.

స్వతంత్ర రాజ్యాంగం దీవుల ప్రజలను పౌరులను చేసింది. కానీ పౌరసత్వం ఒక్కసారిగా పూర్తిరూపంలో రాలేదు. 1950 రాజ్యాంగపు మొదటి షెడ్యూలులో నాలుగవ భాగమైన 'డి' విభాగంలో ఉన్న ఏకైక ప్రాంతం ఇదే. 1956 నవంబర్ 1న కేంద్రపాలిత ప్రాంతమైంది. 1952, 1957, 1962 లోక్‌సభలకు ఇక్కడి సభ్యుణ్ణి రాష్ట్రపతి నియమించారు. మొదటి సభ్యుడు నికోబార్‌కు చెందిన బిషప్ జాన్ రిచర్డ్‌సన్. దీవుల ప్రజలు తమ లోక్‌సభ సభ్యుణ్ణి ప్రత్యక్షంగా ఎన్నుకొన్నది 1967లో. అప్పుడు గెలిచినవారు కె.ఆర్. గణేశ్. ప్రధాన భూభాగంలో వయోజనులందరూ 1952లోనే చేసిన పనికి అండమాన్ పౌరులు మరి పదిహేనేళ్లు వేచి ఉండవలసివచ్చింది.

శిక్ష గురించి మారిన ఆలోచన

ఇదే కాలంలో బ్రిటన్‌లో శిక్షాస్మృతి కొత్త రూపం దాల్చింది. ప్రజారోగ్య సేవ 1948 జూలై 5న ప్రారంభమైన విషయం అందరికీ తెలిసినదే. అదే సంవత్సరం పార్లమెంటు ఆమోదించిన క్రిమినల్ జస్టిస్ చట్టం గురించి అంతగా చెప్పుకోరు. ఆ చట్టం కఠిన దాస్య శిక్షను, కఠిన శ్రమను, న్యాయస్థానాలు విధించే కొరడా దెబ్బలను రద్దు చేసింది. ద్వీపాంతరవాసానికి బదులుగా 1857లో తెచ్చిన శిక్ష కూడా ఈ విధంగా అంతరించింది.

మరణదండన మీద వాదోపవాదాలు మరింత కాలం సాగాయి. 1950లో తిమోతీ ఎవాన్స్ అనే యువకుణ్ణి ఉరితీశారు. ఆ హత్యల వెనుక ఉన్నది అదే ఇంటిలో నివసించిన మరొకడన్న సంగతి తరువాత బయటపడింది. 1966లో ఎవాన్స్‌కు మరణానంతర క్షమాభిక్ష ప్రకటించారు. రాజ్యం ఇచ్చిన క్షమాభిక్షను అందుకోవడానికి మనిషి లేడు. ఈ వంటి సంఘటనలు ప్రజల మనస్సాక్షిని కదిలించాయి. 1965లో హత్యానేరానికి మరణదండనను తాత్కాలికంగా నిలిపివేసి, 1969లో ఆ నిర్ణయాన్ని శాశ్వతం చేశారు. 1974లో వచ్చిన మరొక చట్టం, నిర్ణీతకాలం సత్ప్రవర్తనతో జీవించినవారి పాత శిక్షను లెక్కలో నుండి తీసివేసే వీలు కల్పించింది. శిక్ష ముగిసిన తరువాత కూడా మనిషిని వెంటాడే మచ్చను తుడవడం చట్టం పని అని బ్రిటన్ అంగీకరించడానికి అంత కాలం పట్టింది.

భారతదేశంలోనూ మార్పు వచ్చింది. 1955లో కొరడా శిక్ష రద్దయింది. అదే సంవత్సరపు సవరణ చట్టంతో మన శిక్షాస్మృతిలో ద్వీపాంతరవాసం అన్న మాట తొలగి, 1956 జనవరి 1 నుండి యావజ్జీవ కారాగారవాసం దాని స్థానాన్ని తీసుకున్నది. అండమాన్‌లో శిక్షా నివాసం రద్దయిన పదేళ్లకు పుస్తకంలో నుండి ఆ మాట రద్దయిందన్నమాట. రాజ్యాంగ సభలో 1949 జూన్‌లో జరిగిన చర్చలో డాక్టర్ అంబేడ్కర్ మరణదండననే రద్దు చేయడం మేలన్న అభిప్రాయాన్ని వ్యక్తం చేశారు. అహింసను నైతిక ఆదర్శంగా భావించే దేశానికి అది తగినదని ఆయన వాదన. ఆ సూచన నేటికీ అమలుకు నోచుకోలేదు.

ఈ ఆలోచన మన నేలకు కొత్తది కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి కొండ మీద అశోకుని శిలాశాసనాలు పద్నాలుగూ ఉన్నాయి. వాటిలో ఐదవ శాసనం ధర్మ మహామాత్రుల విధులను వివరిస్తుంది. బంధితులకు సహాయం చేయడం, సంతానం కలవారిని, వృద్ధులను గుర్తించి వారి విముక్తికి పాటుపడడం ఆ విధులలో ఒకటి. తన స్తంభశాసనాలలో అశోకుడు మరణశిక్ష పడినవారికి మూడు దినాల గడువు ఇచ్చినట్లు, ఇరవై ఆరేళ్ల పాలనలో ఇరవై ఐదు పర్యాయాలు ఖైదీలను విడుదల చేసినట్లు చెప్పుకున్నాడు. అశోకుడు శిక్షను పూర్తిగా రద్దు చేయలేదు. కానీ శిక్షితుడూ రాజు బాధ్యతే అని రాతిమీద రాయించాడు. ఆ శాసనాలున్న ఆంధ్ర భూమి నుండే ఇరవై రెండు శతాబ్దాల తరువాత ప్రజలను అండమాన్‌కు పంపారు.

ఆ విధంగా శిక్షపడినవారిలో గాము మల్లుదొర ఒకరు. అల్లూరి సీతారామరాజు నడిపిన 1922-24 మన్యం పోరాటంలో ఆయన ముఖ్య అనుచరుడు. మొదట విధించిన ఉరిశిక్ష ద్వీపాంతరవాసంగా మారింది. ఆ గిరిజన యోధుడే 1952లో విశాఖపట్నం నుండి తొలి లోక్‌సభకు ఎన్నికైనారు. వలస ప్రభుత్వం రాజద్రోహి అని ముద్రవేసిన వ్యక్తి స్వతంత్ర దేశపు చట్టసభలో ఆసీనుడైనాడు. ముద్ర వేసినవారి చట్టం మారిపోయింది, ముద్ర పడిన మనిషి నిలిచాడు. యుద్ధానంతర పరివర్తనకు తెలుగు నేలపై ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ అరుదు.

స్వేచ్ఛగా వచ్చినవారు, వెంట వచ్చిన కులం

1949 నుండి అండమాన్ జీవితం మరొక మలుపు తిరిగింది. దేశవిభజనతో నిరాశ్రయులైన తూర్పు బెంగాలు కుటుంబాలను ప్రభుత్వం ఇక్కడ స్థిరపరచడం ప్రారంభించింది. అడవిని నరికి, కుటుంబానికి ఇన్ని ఎకరాలని భూమి పంచి, కొత్త గ్రామాలు నిర్మించారు. ఆ శరణార్థులలో అత్యధికులు నామశూద్రులు. ఈ పేరు మనకు కృతజ్ఞతతో స్మరించుకోదగినది. 1946లో బొంబాయి నుండి రాజ్యాంగ సభలో ప్రవేశించే మార్గం మూసుకుపోయినప్పుడు అంబేడ్కర్‌ను బెంగాలు నుండి ఎన్నిక చేసి పంపినది జోగేంద్రనాథ్ మండల్, ఆయన వెంట నిలిచిన నామశూద్ర ప్రతినిధులు. దేశవిభజనతో ఆ స్థానం పోయిన తరువాత 1947లో ఆయన బొంబాయి నుండి తిరిగి ఎన్నికైనారు. అంబేడ్కర్‌ను రాజ్యాంగ సభకు పంపిన ప్రజలే ఆ రాజ్యాంగం అమలులోకి వచ్చేనాటికి నిరాశ్రయులై, కొందరు ఈ దీవులకు చేరారు.

ఇక్కడ వారికి ఒక విచిత్ర పరిస్థితి ఎదురైంది. అండమాన్ నికోబార్ దీవులకు షెడ్యూల్డు కులాల జాబితా అంటూ ఏదీ లేదు. బెంగాలులో షెడ్యూల్డు కులస్థుడైన మనిషి ఇక్కడ ఆ గుర్తింపు లేనివాడు. 1918 నుండి అడవి పనులకు వచ్చిన రాంచీ ప్రాంతపు ఉరావ్, ముండా, ఖరియా ప్రజలదీ ఇదే స్థితి. స్వస్థలంలో వారు షెడ్యూల్డు తెగలు. ఇక్కడి షెడ్యూల్డు తెగల జాబితాలో వారి పేర్లు లేవు. కులం సడలిన సమాజానికి జాబితాతో పనిలేదని ఎవరైనా అనవచ్చు. అయితే ఆ వాదన ఖైదీల సంతతికి వర్తించినంతగా తరువాత వచ్చినవారికి వర్తించదు.

ఎందువల్ల? యుద్ధానంతరం వచ్చినవారు ఒంటరిగా రాలేదు. కుటుంబాలతో, బంధువులతో, ఊరుమ్మడిగా వచ్చారు. తెలుగువారి రాకనే చూడండి. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుండి మత్స్యకారులు, కూలీలు, చిరు వర్తకులు ఒకరి వెంట ఒకరుగా నౌకలెక్కారు. ముందు వచ్చిన బావమరిది తరువాతివానికి పని చూపించాడు, వెనుక వచ్చిన మేనల్లుడు మరొకనిని పిలిపించుకున్నాడు. 1951లో 30,971గా ఉన్న దీవుల జనాభా 1961లో 63,548కి, 1971లో 1,15,133కి, 1981లో 1,88,741కి పెరిగింది. 2011 నాటికి తెలుగు మాతృభాషగా కలవారు సుమారు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం తరువాత స్థానం తెలుగుదే. ఈ వలస శ్రమజీవుల సాహసానికి నిదర్శనం. కానీ పెళ్లి సంబంధాలకు సొంత జిల్లాల వైపు, సొంత కులం వైపు చూసే అలవాటు కూడా అదే నౌకలో వచ్చింది.

సంకెళ్లతో వచ్చినవాడు కులాన్ని ఒడ్డున వదిలివచ్చాడు. టిక్కెట్టు కొనుక్కొని వచ్చినవాడు దాన్ని మూటగట్టుకొని తెచ్చుకున్నాడు. స్వేచ్ఛ తప్పని దీని అర్థం కాదు. నిర్బంధం వల్ల కలిగిన సమానత్వాన్ని స్వేచ్ఛలో నిలబెట్టుకోవాలంటే మనుషులు బుద్ధిపూర్వకంగా ప్రయత్నించాలని దీని అర్థం. సముద్రం కులాన్ని కడిగివేయదు. కలిసి తినడం, కలిసి చదవడం, కలిసి వివాహమాడడం కడిగివేస్తాయి.

పుట్టుకే నేరమైనవారు

బ్రిటిష్ పాలన చేసిన పనికి శిక్షించడంతో ఆగలేదు, పుట్టుకకు కూడా శిక్షించింది. 1871 నేరస్థ తెగల చట్టం కొన్ని సముదాయాలను పుట్టుకతోనే నేరస్థులుగా నమోదు చేసింది. అటువంటి భాంతు తెగ కుటుంబాలను 1926లో సంయుక్త రాష్ట్రాల నుండి అండమాన్‌కు తరలించి స్థిరపరచారు. మన గుంటూరు ప్రాంతంలో 1913లో వెలసిన స్టువర్టుపురం సెటిల్‌మెంటులో ఎరుకల కుటుంబాలు అనుభవించినదీ ఇదే విధానం. హాజరు వేయించుకోనిదే ఊరు దాటరాదు. తండ్రి పేరు పోలీసు పుస్తకంలో ఉంటే కొడుకు పేరూ అందులో చేరుతుంది.

స్వాతంత్ర్యానంతరం ఈ చట్టాన్ని పరిశీలించేందుకు 1949లో ఏర్పడిన సంఘానికి అధ్యక్షులు తెలుగు ప్రాంతీయులైన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. 1952లో చట్టం దేశవ్యాప్తంగా రద్దయింది. తెగలు 'విముక్త జాతులు' అయినాయి. అయితే కాగితం మీద విముక్తి పొందిన యువకునికి ఊరిపేరు చెప్పగానే ఉద్యోగం దొరకకపోవడం, ఎక్కడో దొంగతనం జరిగితే మొదట ఆ గూడెంనే సోదా చేయడం దశాబ్దాలపాటు సాగాయి.

బ్రిటన్ పరిస్థితి ఇందుకు భిన్నం కాదు. 1948 జూన్ 22న 'ఎంపైర్ విండ్‌రష్' నౌక కరీబియన్ దీవుల నుండి వందలాది మందిని లండన్ సమీపంలోని టిల్‌బరీ రేవులో దింపింది. అదే సంవత్సరపు పౌరసత్వ చట్టం వలస దేశాల ప్రజలను బ్రిటన్ పౌరులతో సమానంగా గుర్తించింది. చట్టం పౌరుడన్నది, ఇంటి యజమాని గది ఇవ్వనన్నాడు. 1958లో నాటింగ్ హిల్ వద్ద నల్లజాతివారిపై దాడులు జరిగాయి. 1962లో వలసలపై ఆంక్షలు విధించారు. జాతి వివక్షను నిషేధిస్తూ 1965లో చేసిన మొదటి చట్టం బహిరంగ స్థలాలకే పరిమితమైంది. ఇల్లు, ఉద్యోగం వంటి జీవనాధారాల విషయంలో రక్షణ కల్పించడానికి 1968 వరకు ఆగవలసివచ్చింది. దానిని బలపరచడానికి 1976లో మరొక చట్టం అవసరమైంది. వివక్ష ఒక్క ఆజ్ఞతో పోదని, చట్టాన్ని మళ్లీమళ్లీ పదును పెట్టవలసి ఉంటుందని ఈ అనుభవం తెలుపుతుంది. భారతీయ వలసదారులు బ్రిటన్‌కు తమ కులాన్ని కూడా తీసుకువెళ్లారు. అక్కడ స్థిరపడిన అంబేడ్కర్ అనుయాయులు దానికి వ్యతిరేకంగా నేటికీ పోరాడవలసివస్తున్నది.

మరచిపోరాని మూల్యం

అండమాన్ పరివర్తనను కీర్తించేటప్పుడు ఆ భూమి మొదట ఎవరిదో మరచిపోవడం ధర్మం కాదు. ఖైదీలు రాకముందు వేల సంఖ్యలో ఉన్న గ్రేట్ అండమానీయులు అంటురోగాలతో, తమ వేటభూములను కోల్పోయి క్షీణించారు. 1961 జనగణనలో వారు 19 మంది మాత్రమే. 1956లో ఆదిమ తెగల రక్షణ నిబంధన వచ్చింది. జారవా, ఓంగీ, సెంటినలీయుల భూములకు చట్టరక్షణ ఏర్పడింది. కానీ శరణార్థికి ఇచ్చిన ప్రతి ఎకరమూ ఒకప్పటి అడవే. ఒకరి పునరావాసం మరొకరి నిర్వాసం కాకుండా చూడగలగడమే నిజమైన న్యాయం. ఆ న్యాయం చేయడంలో వలస ప్రభుత్వం పూర్తిగా విఫలమైంది. స్వతంత్ర భారతం కూడా ఆలస్యంగానే మేల్కొన్నది.

ఉపసంహారం

సెల్యులార్ జైలు ఏడు బాహువులలో నేడు మిగిలినవి మూడు. పడగొట్టిన భాగంలో 1960వ దశకంలో ప్రభుత్వ ఆసుపత్రి వెలసింది. మిగిలిన భాగాన్ని 1979 ఫిబ్రవరి 11న ప్రధానమంత్రి మొరార్జీ దేశాయ్ జాతీయ స్మారకంగా అంకితం చేశారు. ఒక ఆవరణలోనే గతానికి స్మారకం, వర్తమానానికి వైద్యాలయం ఉన్నాయి. రాస్ దీవికి నేతాజీ పేరు, పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురమన్న పేరు వచ్చాయి. భవనాలు, పేర్లు, చట్టాలు మారడం రాజ్యం చేయగలిగిన పని. అది కొంతవరకు జరిగింది.

మిగిలిన పని ఏమిటో అంగుళిమాలుని కథ చెబుతుంది. ఎందరినో చంపిన ఆ బందిపోటు బుద్ధ భగవానుని సన్నిధిలో భిక్షువైనాడు. అతణ్ణి పట్టుకోవడానికి సైన్యంతో బయలుదేరిన కోసలరాజు ప్రసేనజిత్తు, మారిన మనిషిని చూచి నమస్కరించి వెనుదిరిగాడు. రాజదండం ఆగింది. కానీ భిక్షకు శ్రావస్తి వీధులలోకి వెళ్లినప్పుడు అతనిపై రాళ్లు పడ్డాయి. తల పగిలి, రక్తం కారుతూ, విరిగిన భిక్షాపాత్రతో అతడు తిరిగివచ్చాడు. రాజు క్షమించిన మనిషిని వీధి క్షమించలేదు.

1945లో ఒక ప్రకటన, 1952లో ఒక రద్దు, 1956లో ఒక సవరణ, 1965లో ఒక నిషేధం: ఇవన్నీ రాజు వెనుదిరిగిన క్షణాలు. ఆ తరువాత వీధిలో నిలబడినవారం మనం. స్టువర్టుపురం బాలుడు బడిలో చేరినప్పుడు, నామశూద్ర కుటుంబం పొరుగున దిగినప్పుడు, శిక్ష ముగించుకొన్నవాడు పని అడగవచ్చినప్పుడు, అన్యకులపు కోడలు గడప తొక్కినప్పుడు మన చేతిలో రాయి ఉన్నదా, అన్నం ఉన్నదా? మనిషిని అతని పుట్టుకను బట్టి కాక నడతను బట్టి గుర్తించాలని తథాగతుడు బోధించాడు. ఆ బోధ నిలిచేది మన ఇంటి గడపలోనూ, మన పిల్లల వివాహాలలోనూ. సంకెళ్లు వేయించుకొని సముద్రం దాటిన సామాన్యులు తమకు తెలియకుండానే ఆ పనిలో కొంత చేసి చూపించారు. స్వేచ్ఛగా బ్రతుకుతున్న మనం తెలిసి చేయవలసినది ఆ పనే.